మొదటి కంప్యూటర్ ఇంట్లోనే బిగిస్తున్నారా? ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ల దగ్గర కాస్త ఆగండి

పీయూసీ, ప్లస్ టూ పరీక్షలు అయిపోగానే మన ఇళ్లలో పిల్లలు కంప్యూటర్ కోసం పట్టుబట్టడం ఏటా ఉన్నదే. ఇప్పుడు వాళ్లలో చాలామంది రెడీమేడ్‌ది వద్దంటున్నారు. విడిభాగాలు కొనుక్కొచ్చి తామే బిగించుకుంటామంటున్నారు. బెంగళూరు వైపు వాళ్లకు ఎస్‌పీ రోడ్డు ఉంది, చెన్నై వాళ్లకు రిచీ స్ట్రీట్ ఉంది, ముంబై, భివండీ వాళ్లకు లామింగ్టన్ రోడ్డు ఉంది. యానాం వాళ్లకు కాకినాడ దగ్గరే. బరంపురం వాళ్లు కొందరు భువనేశ్వర్ వెళితే కొందరు రైలెక్కి విశాఖ పోతారు. ఎక్కడికీ వెళ్లనివాళ్లకు ఆన్‌లైన్ ఎలాగూ ఉంది.

ప్రాసెసర్ పెట్టడం, ర్యామ్ నొక్కడం వీడియో చూసి ఎవరైనా నేర్చుకుంటారు. చెయ్యి ఆగిపోయేది కరెంటు కేబుళ్ల దగ్గర. డబ్బా తెరిస్తే నల్లటి కేబుళ్లు గుత్తులుగుత్తులుగా బయటపడతాయి. ఏది ఎక్కడ పెట్టాలో పుస్తకంలో బొమ్మలుంటాయి గానీ ఎందుకో ఉండదు. దుకాణంలో అడిగితే కన్నడంలోనో, తమిళంలోనో, హిందీలోనో గబగబా నాలుగు మాటలు చెప్పి పంపేస్తారు. నలభై, యాభై వేలు పోసిన తండ్రి పక్కనే నిలబడి "కాలిపోదు కదా?" అని అడుగుతుంటాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఈ వ్యాసం.

నిజానికి ఈ ప్లగ్గులన్నింటికీ వేర్వేరు ఆకారాలు ఉండటానికి కారణమే అది. తప్పు చోట దూరకూడదని అలా చేశారు. కంప్యూటర్ లోపల చాలా కనెక్షన్లలో ఆకారమే మనల్ని కాపాడుతుంది. బలవంతం చేయకపోతే చాలు. కానీ కొన్ని చోట్ల ఆకారం కాపాడదు. ప్లగ్గు హాయిగా దూరుతుంది, క్లిక్‌మంటుంది, స్విచ్ వేయగానే వస్తువు పోతుంది. ఆ చోట్లు ఏవో ముందే తెలిస్తే మిగతా పని తేలిక.

ఎస్‌ఎంపీఎస్ అంటే ఏమిటి

ఇంగ్లీషు వీడియోల్లో దీన్ని పీఎస్‌యూ అంటారు. మన దేశంలో ఏ దుకాణంలోనైనా ఎస్‌ఎంపీఎస్ అంటేనే వెంటనే తీసిస్తారు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అన్నదానికి పొట్టి పేరు. రెండూ ఒకటే.

గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును ఇది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో బరువంతా 12 వోల్టుల మీదే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాని మీదే బతుకుతాయి. 5 వోల్టులు డిస్కులకూ యూఎస్‌బీకీ, 3.3 చిన్నాచితకా చిప్పులకూ వెళతాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో వైరు రంగు చూసి వోల్టేజి చెప్పొచ్చు: పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. ఇప్పుడు అందం కోసం అన్నీ నలుపే చేసేశారు. కాబట్టి రంగు చూసి పోల్చుకునే దారి మూసుకుపోయింది.

కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకెను నమ్మకండి. పక్కన అతికించిన పట్టీ చదవండి. అందులో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్‌లో అక్కడ 45 ఆంపియర్లు ఉంటే 12 వోల్టుల మీదే 540 వాట్లు ఇస్తుందన్నమాట. పైన "450 వాట్లు" అని ఉండి, లోపల 12 వోల్టుల కింద 18 ఆంపియర్లే ఉంటే మీకు పనికొచ్చేది 216 వాట్లే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో ఇలాంటివి కనిపిస్తాయి. ఆఫీసు పనికి సరిపోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే వద్దు.

ఎంత కావాలి అన్నదానికి ఒక లెక్క. 65 వాట్ల తరగతి ప్రాసెసర్, 115 వాట్లు తీసుకునే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, మిగతా బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు ఒక 60 వాట్లు అనుకుందాం. మొత్తం 240. ప్రాసెసర్ అప్పుడప్పుడు రాసిన దానికన్నా ఎక్కువ లాగుతుంది, కార్డు కూడా క్షణకాలం ఎగబాకుతుంది. అందుకే ఆ కార్డుకు ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచిస్తుంది. దానికి మించి 850, 1000 వాట్లు కొనమని దుకాణదారుడు చెబితే, భవిష్యత్తులో పెద్ద కార్డు వేసే ఉద్దేశం లేకపోతే, ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మేలు. 80 ప్లస్ అనే గుర్తు ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందో చెప్పేది మాత్రమే. అది భద్రతకు పూచీ కాదు.

ఇంకో మాట. ఈ పెట్టె స్క్రూలు ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. దుమ్ము పట్టిందని తెరిచే అలవాటు కొందరికి ఉంది. బయటి నుంచి ఊదితే చాలు.

పెద్ద ప్లగ్గు: 24 పిన్నులు

పని మొదలుపెట్టే ముందు గోడ ప్లగ్గు పీకేయండి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చిని సున్నా వైపు పెట్టండి. క్యాబినెట్ రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. షోలాపూర్, బళ్లారి లాంటి పొడి ఊళ్లలో చలికాలం ఒంటి మీద స్టాటిక్ ఎక్కువగా పేరుకుంటుంది, అది దిగిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను క్యాబినెట్‌లో పెట్టేటప్పుడు అడుగున జాలీ ఉంటే దాని ఫ్యాన్ కిందికి చూడాలి. జాలీ లేకపోతే పైకి.

కేబుళ్లలో అన్నింటికన్నా వెడల్పైనది 24 పిన్నులది. మదర్‌బోర్డు కుడి అంచున దాని సాకెట్టు ఉంటుంది. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఇది 20, 4 పిన్నుల రెండు ముక్కలుగా వస్తుంది. పాత బోర్డులకు 20 చాలేది, అందుకని. రెండు ముక్కల్నీ పక్కపక్కన చేర్చి ఒకేసారి నొక్కాలి. ప్లగ్గుకు ఉన్న కొక్కెం, సాకెట్టుకు ఉన్న బొడిపె ఒకే వైపు రావాలి. ఇది కాస్త బిగుతుగానే ఉంటుంది. ఇక్కడ బోర్డు వంగుతుంది కాబట్టి రెండో చేత్తో అంచును పట్టుకుని నొక్కండి. క్లిక్ వినిపించాలి. వినిపించకపోతే పక్కనుంచి చూడండి, ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య సందు ఉండకూడదు. సగం దిగిన 24 పిన్నుల ప్లగ్గు వల్ల కంప్యూటర్ ఒకసారి ఆన్ అవుతుంది, మరోసారి అవదు. నెలల తరబడి ఏమైందో తెలియక మెకానిక్ చుట్టూ తిరిగేది ఇలాంటి వాటికే.

రెండు ఎనిమిదులు

ఇది మొదటి గండం. ఎస్‌ఎంపీఎస్‌లోంచి 8 పిన్నుల ప్లగ్గులు రెండు రకాలు వస్తాయి. ఒకటి ప్రాసెసర్‌కు, ఒకటి గ్రాఫిక్స్ కార్డుకు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. లోపల మాత్రం సరిగ్గా తారుమారు.

ప్రాసెసర్ ప్లగ్గులో నాలుగు పిన్నులు 12 వోల్టులవి, నాలుగు గ్రౌండు. కార్డు ప్లగ్గులో మూడు 12 వోల్టులవి, మిగతా ఐదు గ్రౌండు పక్షంవి. పైగా ప్రాసెసర్ ప్లగ్గులో కొక్కెం వైపు వరుసలో 12 వోల్టులుంటే, కార్డు ప్లగ్గులో కొక్కెం వైపు గ్రౌండు ఉంటుంది. అంటే ఒకదాని చోట ఇంకొకటి పెడితే కరెంటు వెళ్లాల్సిన దారిలో గ్రౌండు, గ్రౌండు ఉండాల్సిన దారిలో కరెంటు.

పిన్నుల గళ్లు కొన్ని చదరంగా, కొన్ని మూలలు కత్తిరించినట్టుగా చేసింది ఈ ప్రమాదం కోసమే. మామూలుగా నొక్కితే తప్పు ప్లగ్గు దూరదు. కానీ ఈ ప్లాస్టిక్ మెత్తనిది. "కొత్తది కదా, బిగుతుగా ఉంది" అనుకుని బొటనవేలితో గట్టిగా అదిమితే దూరిపోవచ్చు. అందుకే 24 పిన్నుల దగ్గర కాస్త బలం వాడినా, ఇక్కడ వాడకండి.

పోల్చుకోవడం ఎలాగంటే, ప్రాసెసర్ ప్లగ్గు మధ్యకి విడిపోతుంది: 4, 4. కార్డు ప్లగ్గు ఒక పక్కకు విడిపోతుంది: 6, 2. ఆ రెండు పిన్నుల చిన్న ముక్క వేలాడుతూ ఉంటే అది కార్డుదే. చాలా కంపెనీలు ప్లగ్గు మీద సీపీయూ అనో పీసీఐఈ అనో అచ్చు వేస్తాయి. అక్షరాలు నలుపు మీద నలుపే కాబట్టి సెల్‌ఫోన్ లైటు వేసి చూడాలి.

ప్రాసెసర్ సాకెట్టు మదర్‌బోర్డు పైన ఎడమ మూలలో ఉంటుంది. కొన్ని చవక బోర్డుల్లో 4 పిన్నులదే ఉంటుంది, అప్పుడు సగం ముక్క చాలు. కొన్ని ఖరీదైన వాటిలో 8 పక్కన ఇంకో 4 ఉంటుంది. మామూలు ప్రాసెసర్‌కు 8 ఒక్కటి సరిపోతుంది. ఈ కేబుల్‌ను మాత్రం బోర్డు బిగించక ముందే క్యాబినెట్ వెనక నుంచి పై మూల రంధ్రంలోంచి లాగి పెట్టుకోండి. బోర్డు, కూలర్, పై ఫ్యాన్లు అన్నీ బిగించాక అక్కడికి పెద్దవాళ్ల చెయ్యి పట్టదు. చిన్న పిల్లల్ని పిలవాల్సి వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు బోర్డులోని స్లాటు నుంచే 75 వాట్ల వరకు తీసుకోగలదు. అందుకే చిన్న కార్డులకు వేరే కేబుల్ అక్కర్లేదు. 6 పిన్నుల ప్లగ్గుతో ఇంకో 75, 8 పిన్నులతో 150 వాట్లు వస్తాయి. కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తెచ్చి పెట్టండి. ఒకే కేబుల్‌కు రెండు ప్లగ్గులు వేలాడుతుంటాయి నిజమే, పెద్ద కార్డు భారమంతా ఆ ఒక్క కేబుల్ మీద వేయడం మంచిది కాదు.

కొత్త పెద్ద కార్డులకు 16 పిన్నుల చిన్న ప్లగ్గు వచ్చింది. అంత చిన్నదాంట్లోంచి 600 వాట్ల దాకా పోతుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే ఈ ప్లగ్గులు కరిగిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటని అప్పట్లో ఎన్విడియా చెప్పింది. 2023లో దాన్ని కొద్దిగా మార్చి, పూర్తిగా దిగకపోతే కార్డు పనిచేయకుండా చిన్న పిన్నుల్ని ఇంకా పొట్టి చేశారు. మీ కార్డుకు ఇది ఉంటే చివరిదాకా నొక్కండి. ప్లగ్గు దగ్గరే కేబుల్‌ను మడవకండి, ఒకటిన్నర అంగుళం తిన్నగా వెళ్లాకే వంచండి.

అసలు ప్రమాదం: పెట్టె వైపు కొస

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కేబుల్‌కు మదర్‌బోర్డు, డిస్కు వైపున ఉండే కొస సంగతి. ఆ కొసకు ప్రపంచమంతా ఒకే ప్రమాణం. ఏ కంపెనీ 24 పిన్నుల ప్లగ్గైనా ఏ మదర్‌బోర్డుకైనా సరిపోతుంది.

కానీ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లు వచ్చాయి. వాటిలో కేబుల్ పెట్టెకు అతుక్కుని ఉండదు. కావలసిన కేబుల్‌ను మనమే పెట్టె వైపు కూడా గుచ్చాలి. లోపల చిందరవందర తగ్గుతుంది, అది సుఖమే. చిక్కు ఏమిటంటే పెట్టె వైపు కొసకు ఏ ప్రమాణమూ లేదు. ఏ రంధ్రంలో 12 వోల్టులు రావాలి, ఏ రంధ్రంలో 5 రావాలి అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ప్లగ్గు ఆకారం మాత్రం చాలా కంపెనీలకు ఒకటే. కాబట్టి ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ పెట్టెలో చక్కగా దూరుతుంది. క్లిక్ కూడా వినిపిస్తుంది.

ఇది మన ఇళ్లలో ఎలా జరుగుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. కొత్త కంప్యూటర్ తయారైంది. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు దీంట్లో పెట్టాలి. అందులో అక్క పెళ్లి ఫొటోలు, తాతయ్య షష్టిపూర్తి వీడియో, ఊళ్లో పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఉన్నాయి. డిస్కు దాకా కేబుల్ అందడం లేదు. "అన్నా, నీ దగ్గర సాటా కేబుల్ అదనంగా ఉందా?" అని పిన్ని కొడుకుకు ఫోను. "డబ్బాలో పడి ఉన్నాయి, తీసుకుపోరా" అంటాడు వాడు. వాడి ఎస్‌ఎంపీఎస్ వేరే కంపెనీది. కేబుల్ రెండు కొసలా సరిపోయింది. స్విచ్ వేశారు. డిస్కులో 5 వోల్టులు రావాల్సిన దారిలో 12 వోల్టులు వచ్చాయి. ఒక్క క్షణం. కాస్త కాలిన వాసన. కొన్నిసార్లు అదీ ఉండదు.

డిస్కు ఖరీదు మూడు నాలుగు వేలు, పోతే పోయింది. పోయింది ఫొటోలు. పాత 3.5 అంగుళాల డిస్కుల్లో ఒక చిన్న రక్షణ డయోడు ఉంటుంది, అదృష్టం బాగుంటే అది మాత్రమే కాలి మిగతాది మిగులుతుంది, తెలిసినవాళ్లు బాగుచేయగలరు. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే ఆ ఆశ తక్కువ. డేటా తిరిగి తీసే ల్యాబులు డిస్కు ఖరీదుకు ఎన్నో రెట్లు అడుగుతాయి, వస్తుందని హామీ ఇవ్వవు. తయారీదారు వారంటీలో డిస్కు మారుస్తాడేమో గానీ అందులో ఉన్నదాన్ని ఇవ్వడు. అసలు తప్పు కేబుల్ వాడారని తెలిస్తే వారంటీయే చెల్లదు.

కాబట్టి మాడ్యులర్ కేబుల్ విషయంలో ఒకటే నియమం. ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో దానితో వచ్చిన కేబుళ్లు తప్ప వేరేవి దానికి గుచ్చవద్దు. "అదే కంపెనీది కదా" అన్న ధైర్యమూ పనికిరాదు. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్లకు వేర్వేరు అమరికలు పెడుతుంది. కోర్సెయిర్ తన కేబుళ్లకు టైప్ 3, టైప్ 4, టైప్ 5 అని పేర్లు పెట్టి, ఏది దేనికి సరిపోతుందో పట్టికే ప్రచురించింది. అలాంటి పట్టికలో మీ మోడల్ పేరు కనిపిస్తే తప్ప ఊహించవద్దు. ఎస్‌ఎంపీఎస్ పోయి కొత్తది వేసేటప్పుడు కూడా అంతే. క్యాబినెట్‌లో పాత కేబుళ్లు అందంగా కట్టి ఉన్నాయి, పెట్టె ఒక్కటీ మారుద్దాం అనిపిస్తుంది. పాతవన్నీ పీకి కొత్తవే వేయాలి. ఒక గంట పని, చేయాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొనేవాళ్లు ముందు దాని సొంత కేబుళ్లు ఉన్నాయో లేదో అడగండి. "ఏవైనా పనిచేస్తాయి సార్" అని జవాబు వస్తే ఆ బేరం వదిలేయండి.

సొంత కేబుల్‌లోనూ ఏ కొస ఎటో చూసుకోవాలి. కార్డు కేబుల్‌కు రెండు వైపులా 8 పిన్నులే ఉండొచ్చు. 6, 2గా విడిపోయే కొస కార్డుకు. విడిపోని కొస పెట్టెకు. పెట్టె మీద ఒకే రకం సాకెట్ల వరుసకు "సీపీయూ, పీసీఐఈ" అని కలిపి రాసి ఉంటే కంగారు పడకండి, చాలా మోడళ్లలో ఆ వైపు అవి రెంటికీ ఉమ్మడి.

డిస్కులూ, మార్పిడి ముక్కలూ

సాటా పవర్ ప్లగ్గు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుంది, 15 పిన్నులు. తిరగేసి పెట్టలేరు. కానీ పైకీ కిందికీ ఊపుతూ లాగితే డిస్కు వైపు సన్నటి ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. తిన్నగా పెట్టి తిన్నగా తీయండి. బోర్డు మీదే పడుకునే ఎం.2 ఎస్‌ఎస్‌డీకి ఏ కరెంటు కేబులూ అక్కర్లేదు.

సాటా కేబుల్ నుంచి గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గుకు మార్చే చిన్న ముక్కలు వంద, నూట యాభై రూపాయలకు దొరుకుతాయి. ఎస్‌ఎంపీఎస్‌లో కార్డు కేబుల్ లేనివాళ్లకు దుకాణంలో ఇవే చేతిలో పెడతారు. సాటా ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కో పిన్నుకు ఒకటిన్నర ఆంపియర్. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాన్నుంచి 150 వాట్లు అడిగే ప్లగ్గుకు దారి వేస్తే ఏమవుతుంది? ఆట ఆడుతున్న రెండు గంటలకు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కార్డు కేబుల్ లేని ఎస్‌ఎంపీఎస్ అంటేనే అది ఆ కార్డు కోసం చేసింది కాదని అర్థం. ముక్క కొనే బదులు ఎస్‌ఎంపీఎస్ మార్చండి.

పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చేవి కొంత నయం. అందులోనూ ప్లగ్గంతా ఒకే ముద్దగా ప్లాస్టిక్ పోసి చేసినవి వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలే దూరంలో ఉండిపోయి తరవాత ఎప్పుడో కాలిన సంఘటనలు ఉన్నాయి.

గోడ వైపు సంగతి

కంప్యూటర్ లోపల అన్నీ సరిగ్గా పెట్టి, గోడ దగ్గర పాడుచేసుకునే ఇళ్లు తక్కువేమీ కాదు. పాతకాలం ఇళ్లలో, మగ్గాల షెడ్డు పక్కన కట్టిన గదుల్లో, మూడు తరాలుగా ఉంటున్న అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది గానీ పై పెద్ద రంధ్రం వెనక ఏ వైరూ ఉండదు. ఎర్తింగ్ పేరుకే.

అలాంటి చోట క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. టెస్టర్ పెడితే వెలుగుతుంది. "ఎస్‌ఎంపీఎస్ లీకవుతోంది" అని దుకాణానికి తీసుకెళతారు, అక్కడ చూస్తే ఏమీ ఉండదు, మళ్లీ ఇంటికి తెస్తే మళ్లీ జివ్వుమంటుంది. కారణం ఏమిటంటే ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ కరెంటులోని గోలను వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ రెంటినీ ఇనుప పెట్టెకు కలుపుతాయి. వాటి నుంచి వచ్చే అతి కొద్ది కరెంటు ఎర్తు వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్తు లేకపోతే పెట్టె దాదాపు సగం వోల్టేజి దగ్గర, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. ఆ కొద్ది కరెంటు మనిషిని చంపదు. కానీ నిజంగా లోపల ఏదైనా తెగి ఫేజ్ ఇనుముకు తగిలిన రోజున ఎర్తు లేని పెట్టె చంపగలదు. మానిటర్ కేబుల్ పెట్టేటప్పుడు ఆ వోల్టేజే కార్డు పోర్టును పాడుచేయగలదు కూడా.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటర్ పెట్టించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 చూపిస్తే, ఫేజ్‌కూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే చూపించాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎర్తు లేదని తేలితే, కంప్యూటర్‌కు పెట్టే యాభై వేలలో రెండు మూడు వేలు అటు మళ్లించడం తెలివైన ఖర్చు. అద్దె ఇల్లయితే యజమానితో గట్టిగా మాట్లాడండి. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టడం, ఎర్తు రంధ్రంలోంచి న్యూట్రల్‌కు లోపలే ముడి వేయడం రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులు. రెండోది చేస్తానని ఎలక్ట్రీషియనే అంటే వేరేవాళ్లను పిలవండి.

వెనక ఎర్రటి చిన్న స్విచ్చి, పక్కన 115, 230 అని అంకెలు ఉంటే అది పాత రకం ఎస్‌ఎంపీఎస్. 230 మీదే ఉండాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత కంప్యూటర్లలో 115 మీద ఉంటుంది. అలాగే మన గోడకు పెడితే పటాకా పేలినట్టు పేలుతుంది. కొత్త వాటిలో ఈ స్విచ్చి ఉండదు, వాటంతట అవే సర్దుకుంటాయి.

యూపీఎస్ గురించి క్లుప్తంగా. మార్కెట్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకా. మన 240 వాట్ల లెక్కకు మానిటర్ కలిపినా సరిపోతుంది, కరెంటు పోయాక సేవ్ చేసి ఆపుకునేంత సమయం వస్తుంది. పెద్ద కార్డు ఉంటే చాలదు. ఇక ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు, ముఖ్యంగా ఒడిశా, యానాం తీరాల్లో, స్పైక్ బస్టర్‌ను నమ్ముకోకుండా ప్లగ్గు పీకేయడమే మార్గం. ఇంటర్నెట్ వైరు కూడా.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు

క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల సన్నటి వైరు బోర్డు కింద అంచున పెట్టాలి. ఎక్కడో మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పవర్ బటన్ వైరు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. లైట్ల వైర్లు తిరగబడితే లైటు వెలగదు, అంతకుమించి నష్టం లేదు.

వెనక స్విచ్చి గీత వైపు పెట్టి బటన్ నొక్కండి. ఏమీ కదలకపోతే వరసగా చూడండి: గోడలో కరెంటు ఉందా, వెనక స్విచ్చి వేశారా, 24 పిన్నుల ప్లగ్గు దిగిందా, బటన్ వైరు సరైన పిన్నుల మీద ఉందా. మొదటిసారి బిగించినవాళ్లలో ఎక్కువమందికి సమస్య ఈ నాలుగింట్లోనే తేలుతుంది. ఫ్యాన్లు తిరిగి తెర నల్లగా ఉంటే ప్రాసెసర్ ప్లగ్గు మరిచిపోయి ఉంటారు, లేదా ర్యామ్ సరిగ్గా దిగి ఉండదు. కొత్త బోర్డుల్లో సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే అక్కడ వెతకాలి. కార్డు ప్లగ్గు పెట్టకపోతే కొన్ని కార్డులు తెర మీదే ఆ మాట రాసి చూపిస్తాయి, కొన్ని ఫ్యాన్లను హోరెత్తిస్తాయి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగడం లేదని మాత్రం భయపడకండి. చాలా కొత్త మోడళ్లలో బరువు పడే దాకా అది తిరగదు.

టప్‌మని ఆగిపోయి, మళ్లీ నొక్కితే క్షణం వెలిగి ఆరిపోతుంటే అది ఎస్‌ఎంపీఎస్ షార్టును పసిగట్టి తనను తాను ఆపుకుంటోందని అర్థం. పదేపదే నొక్కకండి. ప్లగ్గు పీకి, రెండు ఎనిమిదుల దగ్గర మొదలుపెట్టి ఒక్కో కనెక్షన్ చూడండి. బోర్డు వెనక స్క్రూ ఏదైనా జారిపడి ఉందేమో కూడా. కాలిన వాసన వస్తే ఆ రోజుకు అక్కడితో ఆపి, ఎస్‌ఎంపీఎస్‌ను దుకాణంలో పరీక్ష చేయించాకే ముందుకు వెళ్లండి.

పాత ఫొటోల డిస్కును మొదటిరోజే పెట్టవద్దు. కొత్త డిస్కుతో రెండు రోజులు నడిపి, అంతా నిలకడగా ఉందనుకున్నాక, అందులోని ఫొటోలు వేరే చోటికి కాపీ చేసుకుని అప్పుడు పెట్టండి. మిగిలిన మాడ్యులర్ కేబుళ్లను ఒక సంచిలో వేసి, పైన ఎస్‌ఎంపీఎస్ కంపెనీ, మోడల్ పేరు రాసిన చీటీ అతికించి దాచండి. రెండేళ్ల తరవాత ఎవరో తమ్ముడు ఫోను చేసి "అన్నా, కేబుల్ ఉందా?" అని అడిగినప్పుడు ముందు ఆ చీటీ చదివి వినిపించవచ్చు.